లేని పగులు

ఏళ్లుగా నేనొక అబద్ధం మీద కూర్చుని సైకిల్ తొక్కుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చీరాల. పవర్‌లూమ్‌లు బాగుచేస్తాను. నా స్నేహితుడు మస్తాన్‌కి బజారులో బట్టల కొట్టుంది. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ సైకిళ్ల పిచ్చి. ఆదివారం తెల్లారితే వాడరేవు దాకా పందెం. బరువైన మామూలు సైకిళ్లే. సన్నటి ఉక్కు గొట్టాలతో చేసిన పాతకాలపు రేసు సైకిల్ ఒక్కటైనా చేతికి రాకపోతుందా అని ఆశపడేవాళ్లం.

అది మస్తాన్‌కే కనిపించింది. వేటపాలెంలో ఒక జీడిపప్పు వ్యాపారి ఇంటి అటక మీద. వాళ్ల తాతగారు ఎప్పుడో మద్రాసులో కొన్నదట. చక్రాలు పోయి, ఎర్రరంగు ఫ్రేము మిగిలింది. చూసి చెప్పమని నన్ను వెంటబెట్టుకెళ్లాడు.

ఒంటి చేత్తో ఎత్తాను. గుండె ఝల్లుమంది. ఇంత తేలికా! గోటితో మీటితే కంచు గిన్నెలా మోగింది. ముందు గొట్టం అడుగున వేలితో నిమిరాను. ఎప్పుడైనా దేనికైనా గుద్దుకుని ఉంటే అక్కడ ముడత తగులుతుంది. లేదు. హ్యాండిల్ గొట్టం నుంచి వెనక చక్రం కూర్చునే గాడుల చుట్టూ దారం తిప్పి లాగి కట్టాను. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఒకే దూరంలో నిలిచింది. వంకర లేదు. లోపలికి టార్చి వేశాను. తుప్పు పైపైనే. ఆ సంతోషంలో ఎవరి కోసం చూస్తున్నానో మరిచిపోయాను.

మరిచిపోయానా? ఇక్కడ కూడా అబద్ధం దేనికి? గుర్తుండే చేశాను.

పెడల్ ఇరుసు దగ్గర వెంట్రుకలాంటి గీత ఉంది. ఓ చివర గోటితో గీకాను. రంగు ఊడింది. కింద ఉక్కు నున్నగా మెరిసింది. పగిలింది రంగే.

"ఏరా, ఎలా ఉంది?" అన్నాడు మస్తాన్.

"పగులుందిరా. ఇదిగో, ఇక్కడ."

"అతుకు వేయిస్తే?"

"ఇంత సన్న గొట్టానికి వెల్డింగా? స్పీడులో విరిగిందంటే మూతిపళ్లు రాలతాయి. వద్దురా."

వాడు వంగి ఆ గీత చూడనైనా లేదు. నా మొహమే చూశాడు. "నువ్వు చెప్పాక ఇంకేముంది, వదిలేద్దాం" అన్నాడు.

తర్వాతి వారం నేనొక్కణ్ణే వెళ్లి తెచ్చుకున్నాను. ఎరుపంతా గీకించి నీలం వేయించాను. గుంటూరులో దొరికిందన్నాను. మస్తాన్ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, "అదృష్టవంతుడివిరా!" అని నన్ను వాటేసుకున్నాడు. ఇక ప్రతి ఆదివారం నేను గాలిలా దూసుకుపోతుంటే, వెనకెక్కడో వాడు రొప్పుతూ వచ్చేవాడు. మోసం చేసి తెచ్చుకున్న వస్తువు ఇంత ఆనందం ఇవ్వొచ్చా? ఇచ్చింది. పెడల్ మీద కాలు వేసిన ప్రతిసారీ ఇచ్చింది. నన్ను లోపల్లోపల తినేసింది కూడా ఆ ఆనందమే.

మొన్న మస్తాన్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, చీమకుర్తిలో అలాంటిదే ఇంకోటి దొరికింది! నువ్వు చూస్తేగానీ కొనను."

గ్రానైట్ కోసే యూనిట్ వెనక షెడ్డులో ఉందది. మళ్లీ వేలు, దారం, టార్చి. ఒక్కో పరీక్షా గట్టెక్కుతుంటే నా గుండె ఎగిరెగిరి పడింది. ఎక్కడా వంక లేదు! "కొనెయ్‌రా, ఇలాంటిది మళ్లీ దొరకదు!" అని అరిచాను. వాడు చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆ గంతు చూశాక నోరు ఆగలేదు.

"వేటపాలెం ఫ్రేముకి పగులు లేదురా. నా సైకిల్ అదే."

రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి దాటిపోయింది. వాడు ముందున్న ఫ్రేము వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి దీనికి?"

"లేదురా. ఒట్టు."

వాడు నా చేతిలోని టార్చి తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క అతుకునూ తనే వెతకడం మొదలుపెట్టాడు. ఎంతసేపు చూశాడో. చివరికి ఫ్రేమును కొని, భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా బస్సెక్కాడు.

నేను తర్వాతి బస్సు కోసం ఆగాను. ఆదివారం వాడు వస్తాడో రాడో తెలియదు. రమ్మని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ దుమ్ములో నిలబడి, ఎన్నాళ్ల తర్వాతో, ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాను.