మిరప కల్లం పట్టా కింద ఒక ఆదివారం

నేను జీవితంలో చెడగొట్టిన పనులకు కొదవ లేదు. మేనమామ పెళ్లిలో సాంబారు బకెట్టుతో సహా వియ్యంకుడి ఒళ్లో పడ్డాను. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా కూర్చుని గురక పెట్టాను. ఇవన్నీ చిన్నాచితకా వ్యవహారాలు, వీటికి ఎవరూ చరిత్రలో చోటివ్వరు. కానీ ఒకే ఒక్క మధ్యాహ్నం ఒక రైతు పంటనీ, నా రెండు కళ్లనీ, నా పెళ్లి యోగాన్నీ కలిపి సర్వనాశనం చేసుకున్న సంగతి మాత్రం చెప్పి తీరాలి. అదీ సీతాకోకచిలుకల్ని చూడ్డానికి వెళ్లి!

తొంభైల చివరి రోజులు. మాది పొన్నూరు. దర్శిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను లెక్కలు చెప్పేవాణ్ని. ఆ ఏడాది జువాలజీ చెప్పడానికి పిడుగురాళ్ల నుంచి వసుంధర గారు వచ్చారు. సన్నగా, కాస్త పొడుగ్గా ఉండేవారు. నవ్వాలనుకున్నప్పుడు ముందు కళ్లజోడు తీసి, ఆ తర్వాత నవ్వేవారు. ఇంత వివరంగా ఎలా తెలుసంటారా? పాఠం చెప్పని సమయమంతా నేను చేసిన పని అదే మరి.

ఒక శనివారం స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ అడిగారు. "రేపు పొద్దున కాలువ కట్ట వైపు సీతాకోకచిలుకల్ని చూడ్డానికి వెళ్తున్నా. ఎవరైనా వస్తారా?"

ఫిజిక్సు ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తెలుగు మాస్టారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నా చెయ్యి మాత్రం నన్నడక్కుండానే లేచింది.

"మీకు సీతాకోకచిలుకలంటే ఇష్టమా?"

"ప్రాణమండీ!"

అప్పటిదాకా నేను దగ్గరగా పరిశీలించిన రెక్కల ప్రాణి దోమ ఒక్కటే.

"మా ఊళ్లో సున్నపు బట్టీలు కదండీ. సీతాకోకచిలుకలు కూడా సున్నం కొట్టించుకున్నట్టు తెల్లగా ఉండేవి. ఇక్కడ ఎన్ని రంగులో చూశారా!" అన్నారు కళ్లజోడు తీసి. చూశాను. సీతాకోకచిలుకల్ని కాదు.

తెల్లారి టోపీ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిల్ తుడుచుకుని వెళ్లేసరికి వసుంధర గారి పక్కన లేడీస్ హాస్టల్ వార్డెన్ సుబ్బాయమ్మ గారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ, ఇంకో చేతిలో గొడుగు.

"ఆడపిల్లని ఒంటరిగా ఎట్టా పంపుతానయ్యా? అయినా నాకూ ఈ పురుగుల్ని చూడాలని ఎప్పటినుంచో కోరిక" అన్నారు. ఆవిడ కోరిక ఎంత గట్టిదంటే, ఆ సీజనంతా ఒక్క ఆదివారం కూడా మానలేదు. సీతాకోకచిలుక వంక మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఆ మొదటి ఆదివారం వాన పడింది. రెండో ఆదివారం ఎండగా ఉందని బయల్దేరితే కాలువ దగ్గరికి వెళ్లేసరికి మబ్బు కమ్మి, ఫెళఫెళ ఉరిమి, మళ్లీ వాన. ఆ ఏడు వాతావరణానికి ఏదో తిక్క పట్టింది. వారమంతా మాడ్చే ఎండ, ఆదివారం మేం కదిలితే వాన. వాన పడగానే సుబ్బాయమ్మ గారు గొడుగు విప్పేవారు. గొడుగు కింద నేను ఈ పక్క, వసుంధర గారు ఆ పక్క, నడుమ కోటగోడలా సుబ్బాయమ్మ గారు, ఆవిడ మోకాళ్ల నొప్పుల కథ. నేను చెప్పాలనుకున్న మాట ఎన్నిసార్లు గొంతు దాకా వచ్చి ఆ గోడకి కొట్టుకుని వెనక్కి పోయిందో!

కానీ వాన వెలిశాక కాసేపు ఉంటుంది చూడండీ, దానికోసం నేను ఇప్పటికీ కొట్టుకుపోతుంటాను. తడిసిన ఒండ్రు మీద పసుపుపచ్చవి గుంపుగా వాలేవి. మట్టిలో ఉప్పు పీల్చుకోవడానికట. ఆవిడ చీర కుచ్చిళ్లు బురదలో పడుతున్నా పట్టించుకోకుండా గొంతుక్కూర్చుని, "ష్, కదలకండి" అనేవారు. నేను ఊపిరి కూడా బిగపట్టేవాణ్ని. ఒకసారి జిల్లేడు పొద దగ్గర నారింజ రంగుది ఒకటి ఎగిరొచ్చి నా మెడ మీద వాలింది.

"చూశారా, దానికి నేనంటే ఎంత ఇష్టమో!" అన్నాను.

"ఇష్టం కాదండీ, చెమట. ఉప్పు కోసం వచ్చింది" అని కళ్లజోడు తీసి ఆవిడ పడిపడి నవ్వారు. ఆ నవ్వు మళ్లీ వినడానికి నేను ఉప్పు బస్తాలో మునిగి రావడానికైనా సిద్ధమే. ఇప్పుడు కూడా.

మేం కదిలితే వాన పడుతుందన్న సంగతి చుట్టుపక్కల రైతులకి త్వరగానే తెలిసిపోయింది. కాలువ పక్కన మస్తాన్‌వలీ అనే రైతుకి పత్తి, మిర్చి ఉండేవి. పెద్ద గొంతు, మెత్తని మనసు. మొక్క వాడుతున్న రోజుల్లో కాలేజీ గేటు దగ్గరికే వచ్చి పిలిచేవాడు.

"మాస్టారూ, ఈ ఆదివారం మా చేల వైపు రాండి. తడి లేక చచ్చిపోతన్నాం. టీ నేను పోయిస్తా."

వెళ్లాం. పడింది. టీ కూడా పోయించాడు.

పత్తి విచ్చుకున్నాక అదే మనిషి వరస మార్చాడు. "వద్దు మాస్టారూ, దూది తడిస్తే నల్లబడుద్ది. అటు పక్క వరి వాళ్ల దగ్గరికి పోండి" అని చేతులు జోడించాడు. మిరప కోతలై, కాయంతా కల్లంలో ఎర్రటి తివాచీలా ఎండుతున్నప్పుడైతే నా టోపీ కనిపిస్తే చాలు, ఆడవాళ్లు ఆకాశం వంక చూసేవారు. మిరప కాయ కల్లంలో ఉండగా వాన పడిందంటే రంగు పోయి, మచ్చలొచ్చి, ఏడాది కష్టం ధర పలకని తాలు కాయగా మిగులుతుంది. ఆ భయంతో ప్రతి కల్లం పక్కనా టార్పాలిన్ పట్టా మడిచిపెట్టి ఉంచేవాళ్లు.

"మాస్టారూ, కల్లంలోంచి కాయ లేచిందాకా మీ పురుగుల్ని ఇంట్లోనే చూసుకోండి. మీకు దండం పెడతా" అన్నాడు మస్తాన్‌వలీ.

"అంతా కాకతాళీయం వలీ. సంభావ్యత అని ఒక లెక్క ఉంటుంది..."

"ఆ లెక్క నాకెందుకు మాస్టారూ, మీరు రాబాకండి."

సరేనని మాటిచ్చి మూడు వారాలు నిలబెట్టుకున్నాను. ఇంతలో పిడుగులాంటి వార్త. వసుంధర గారికి విశాఖపట్నంలో రీసెర్చి సీటు వచ్చింది. ఆదివారం సాయంత్రం ఒంగోలు బస్సెక్కి, అక్కణ్నుంచి రైల్లో పోతున్నారు. "పొద్దున ఒకసారి కాలువ కట్ట మీదికి వెళ్దామండీ. మళ్లీ ఎప్పుడొస్తానో" అన్నారు. ఇంకేం చేస్తాను? వలీకిచ్చిన మాట గాలికి పోయింది. సెల్‌ఫోన్లు లేని కాలం, పోయిన మనిషి పోయినట్టే. ఆ ఆదివారం చెప్పకపోతే ఇక చెప్పలేను.

రాత్రంతా పథకం వేశాను. ఎలాగూ వాన పడుతుంది. పడితే సుబ్బాయమ్మ గారి గొడుగు కిందికి చేరాలి. చేరితే నా నోరు పెగలదు. అదే పెద్ద పట్టా ఒకటి కట్టామనుకోండి, సుబ్బాయమ్మ గారు పులిహోర తిని ఆ మూల కునుకు తీస్తారు. ఈ మూల నేను, వసుంధర గారు. పథకం ఎలా ఉంది? నాకూ చాలా బాగుందనిపించింది.

పొద్దున వెళుతుంటే మస్తాన్‌వలీ కల్లం దగ్గర ఎవరూ లేరు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కాయ ఎండుతోంది. పక్కన మడిచిపెట్టిన పట్టా ఊరికే పడి ఉంది. సాయంత్రం తెచ్చి ఇచ్చేద్దాంలే అని సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని చక్కా వెళ్లిపోయాను. పాఠకులారా, నా మేధస్సు గమనించండి. వాన నా నెత్తిన పడుతుందని నాకు నూటికి నూరుపాళ్లూ నమ్మకం. కూతవేటు దూరంలో ఉన్న కల్లం మీద కూడా పడుతుందని మాత్రం తట్టలేదు. నేనేమో పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ని!

రెండు వేపచెట్లకి పట్టా కట్టేసరికి వసుంధర గారు మెచ్చుకున్నారు. "భలే ముందుచూపండీ మీకు!" మధ్యాహ్నం అనుకున్నట్టే మబ్బు పట్టింది. టపటపమంటూ మొదలై కుండపోతయింది. సుబ్బాయమ్మ గారు అనుకున్నట్టే పులిహోర తిని గురక అందుకున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"వసుంధర గారూ, మిమ్మల్ని ఒక మాట అడగాలని చాలా రోజుల నుంచి..."

"నేనూ ఒకటి అడుగుదామనుకుంటున్నానండీ."

"ముందు మీరడగండి."

"ఈ పట్టా ఎక్కడిది?"

"మస్తాన్‌వలీదండీ."

"ఆయన ఇచ్చారా?"

"లేడండీ. కల్లం దగ్గర ఊరికే పడుంటే..."

ఆవిడ మొహంలో రంగు మారింది. "మరి ఆయన కాయ?"

నేను కల్లం వైపు చూశాను. ఆవిడ అప్పటికే లేచి తాళ్లు తెంపుతున్నారు. పట్టా ఊడి సుబ్బాయమ్మ గారి మీద వాన దభాలున పడేసరికి ఆవిడ "అయ్యో, చెరువు తెగిందిరో!" అని కేకపెట్టి లేచారు. పట్టా ఒక కొస వసుంధర గారు, ఇంకో కొస నేను పట్టుకుని పరుగు. వెనక క్యారేజీ గణగణలాడిస్తూ సుబ్బాయమ్మ గారు.

కల్లం దగ్గర మస్తాన్‌వలీ, ఆయన భార్య చీపుళ్లతో, చేటలతో కాయ కుప్ప చేస్తున్నారు. నన్ను చూశాడు. నా చేతిలో పట్టా చూశాడు.

"మీరా మాస్టారూ! ఎవడో దొంగనాయాలు ఎత్తకపోయాడని ఊరంతా తిట్టా కదయ్యా!"

"తిట్లు తర్వాత, ముందు కాయ!" అని వసుంధర గారు కొంగు బిగించి దిగారు. నేనూ దిగాను. చేతులతోనే ఎత్తి కుప్పలో పోశాను. పైపైది తడిసింది కానీ, చాలామటుకు పట్టా కిందికి చేరింది. అలిసిపోయి, మొహం మీద వాన నీళ్లు కారుతుంటే, రెండు చేతులతో కళ్లు గట్టిగా తుడుచుకున్నాను.

మిరపకాయలు ఎత్తి నలిపిన చేతులు. కళ్లు.

ఆ తర్వాత కాసేపు నేను ఏ భాషలో అరిచానో నాకు తెలియదు. సుబ్బాయమ్మ గారు క్యారేజీలో మిగిలిన మజ్జిగంతా నా కళ్లలో పోశారు. కరివేపాకుతో సహా. కళ్లు బూరెల్లా వాచి మూసుకుపోయాయి.

"బస్సు టైమవుతోందమ్మా, పద, నువ్వు బట్టలు మార్చుకోవద్దూ?" అని సుబ్బాయమ్మ గారు వసుంధర గారిని లాక్కుపోయారు. నేను కల్లం గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాను. మంటకి కొంత, మిగతాది దేనికో మీకు తెలుసు. మస్తాన్‌వలీకి కూడా తెలుసు.

"లేవండి మాస్టారూ. బస్టాండుకి నేను తీసకపోతా."

"నీ కాయ..."

"కాయ ఎండితే ఎండుద్ది, పోతే పోద్ది. అమ్మగారు మాత్రం ఈ బస్సు దాటితే దొరకదు."

సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. బస్టాండులో ఇంజన్ల మోత, కొబ్బరి బోండాల వాళ్ల అరుపులు. అన్నిటి మధ్య ఆవిడ గొంతు నా పక్కనే వినిపించింది.

"అయ్యో, ఇంకా తెరవలేకపోతున్నారా? ఎందుకొచ్చారండీ ఇంత దూరం?"

"వసుంధర గారూ, నేను చెప్పేదాకా మీరేమీ మాట్లాడకండి. మాట్లాడితే నాకు ధైర్యం పోతుంది."

గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఎక్కడో హారన్ మోగింది. మొదలుపెట్టాను. సీతాకోకచిలుకలంటే నాకేమీ తెలియదని చెప్పాను. వానంటే భయమని, అయినా ప్రతి శనివారం రాత్రీ వాన పడినా పడకపోయినా తెల్లారితే చాలని ఎదురుచూశానని చెప్పాను. మీరు లేని దర్శిలో ఆదివారాన్ని ఏం చేసుకోవాలో తోచడం లేదని చెప్పాను. "మీరు చదువుకుని వచ్చిందాకా ఎన్నేళ్లయినా ఆగుతాను, ఊఁ అంటే చాలు" అని చెయ్యి చాచాను.

ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది. గరుగ్గా, కాయలు కాచి, మిరప ఘాటుతో.

"బాగా చెప్పారు మాస్టారూ" అన్నాడు మస్తాన్‌వలీ. "మీరు ఊపిరి పీల్చుకునేటప్పుడే కండక్టరు రైట్ అన్నాడు. అమ్మగారు ఉరుక్కుంటా బస్సెక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడాను."

"మరి నన్నెందుకు ఆపలేదయ్యా?"

"నా జన్మలో నాతో ఎవరూ అంత బాగా మాట్లాడలా. ఆపబుద్ధి కాలా."

విశాఖపట్నం వెళ్లొచ్చు కదా అని మీరంటారు. వలీ కూడా అదే అన్నాడు. వెళ్లలేదండీ. నాకున్న ధైర్యమంతా ఆ బస్టాండులో ఖర్చయిపోయింది. మళ్లీ పుడుతుందేమోనని చాలా ఆదివారాలు కాలువ కట్ట మీద ఒక్కణ్నే తిరిగాను. చిత్రమేమిటంటే, ఆవిడ వెళ్లాక ఒక్క ఆదివారం కూడా వాన పడలేదు. తడి మట్టి లేదు, పసుపుపచ్చవి వాలలేదు. ఆ ఎండంత పొడవైన ఎండ నేను మళ్లీ చూడలేదు.

కనుక పెద్దలు, పిన్నలు, మిర్చి రైతులు అందరి ఎదుటా గంభీరంగా ఆనాడే ప్రమాణం చేశాను. ఇక మీదట కల్లంలో పట్టా ముట్టను. మిరపకాయ ముట్టిన చేత్తో కన్ను తుడవను. మనసులో మాట చెప్పవలసి వస్తే, ఎదుట ఉన్న మనిషి ఎవరో రెండు కళ్లూ తెరిచి చూసుకుని మరీ చెబుతాను.

ఆ ప్రమాణం ఈనాటి వరకు తప్పలేదు. తప్పడానికి అవకాశమే రాలేదు, అలాంటి మాట నాకు మళ్లీ ఎవరితోనూ చెప్పాలనిపించలేదు.