డాబా మీద కర్రసాము

నా నెత్తికి నేనే తెచ్చుకున్న ముప్పు ఇది. ఓపిక చేసుకుని వినండి. చెప్పడానికైతే నాకే ఓపిక లేదు.

అప్పట్లో భవానీపురంలో ఉండేవాళ్ళం. పొద్దున్నే వంట, క్యారేజీలు, ఆఫీసు, ఇంటికొస్తే మళ్ళీ వంట. ఈ గానుగెద్దు బతుకులో నాకంటూ మిగిలింది సాయంత్రం కర్రసాము క్లాసు ఒక్కటే. కోతికి కొబ్బరికాయంటారే, నాకు కర్ర దొరికింది. తిప్పడం వచ్చిందో లేదో గానీ, గొప్పలు చెప్పుకోవడం బ్రహ్మాండంగా వచ్చేసింది.

పై వాటాలో తియా అని సూడాన్ కుర్రాడు అద్దెకుండేవాడు. ఇక్కడే ఇంజనీరింగు చదువుతూ మన మాట బాగానే పట్టేశాడు. వాళ్ళది నూబా కొండలట. కోతలయ్యాక అక్కడి కుర్రాళ్ళు కర్రా డాలూ పట్టి తలపడతారని మాటల్లో చెప్పాడు.

"అయితే మనం ఓసారి తలపడదాం రావయ్యా!" అన్నాను. ఎందుకన్నానో ఆ దుర్గమ్మకే తెలియాలి.

"వద్దండి ఆంటీ గారూ, దెబ్బ తగులుద్ది," అన్నాడు పాపం.

మా అత్తగారు అందుకున్నారు. "ఆ అబ్బాయి చేతిలో దెబ్బ తిన్నావో, క్లాసు మానెయ్యాలి. ముందే చెప్తున్నా."

అక్కడే ఆగొచ్చుగా? ఆగితే నేనెందుకవుతాను!

ఆదివారం డాబా ఎక్కాం. తియా డాలుకి బదులు మా బియ్యం డబ్బా మూత పట్టుకున్నాడు. "మా దగ్గర దెబ్బలాట మితిమీరితే ఆపడానికి ఓ పెద్దాయన ఉంటాడండి," అంటే అత్తగారే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మొదలుపెట్టాను. ముందుకి, వెనక్కి, నెత్తి మీద, నడుం చుట్టూ కర్ర ఫ్యానులా తిరుగుతోంది. తియా కదలడే! మూత అడ్డం పెట్టుకుని మర్యాదగా చూస్తున్నాడు. నాకేమో ఆయాసం, చెమట, చేతులు పడిపోతున్నాయి. ఆపుదామంటే పరువు.

చివరికి అతనే అడిగాడు. "ఆంటీ గారూ, ఇంతకీ ఎప్పుడు మొదలెడదామండి?"

జవాబు చెబుదామని ఆగాను. కర్ర ఆగలేదు. ఠప్పున నా నుదుటి మీదే పడింది. పాము చావలేదు, కర్ర విరగలేదు, నాకు మాత్రం నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"నేను కొట్టలేదండీ!" అంటూ తియా మూత కింద పడేశాడు. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు. రోజు మొత్తంలో నాదైన ఆ కాస్త సమయమూ పోయిందని.

"అత్తయ్యగారూ, మరి క్లాసు..."

"అతను నిన్ను ముట్టుకోనేలేదుగా? వెళ్ళు. నీ దెబ్బ నువ్వెలా కాచుకోవాలో ముందు అది నేర్పమను మీ గురువుగారిని," అని తియా వైపు తిరిగారు. "గెలిచావు నాయనా, కాఫీ తాగుదువుగాని రా."

కృష్ణమ్మ సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ నాతో నేను తలపడను. నా దెబ్బకి నేనే నిలబడలేకపోయాను.