కొనే ముందు ఒక ముద్ద

మా తాత మునివెంకటప్ప ఏ వ్యాపారం కొనాలన్నా ముందు అక్కడి పనివాళ్ళ అన్నం క్యారేజీ తెరిచి ఒక ముద్ద తినాల్సిందే. లెక్కల పుస్తకం చేతికిస్తే చంకలో పెట్టుకుని, "ఇది ఇంటికి పోయి సూస్తా. కూడు యాడ పెట్టినారప్పా?" అనేవాడు.

గోడలకు సున్నం కొట్టే కుప్పయ్య ముఠాను అలాగే కొన్నాడు. గోంగూర ముద్ద మింగి, కళ్ళు మూసుకుని, "పనిచేసే చేతులే" అన్నాడు. ఏడాది తిరిగేసరికి తిరుపతిలో సగం సర్కారు గోడలకు మా తాత సున్నమే. తర్వాత నవారు మంచాల షాపు కొంటే హాస్టళ్ళ కాంట్రాక్టు వచ్చింది. నాలుగో తరగతి గట్టెక్కని ఆ మనిషి టెండరు కాగితం విప్పితే చాలు, పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు చెప్పులు వెతుక్కునేవాళ్ళు.

అవ్వ జ్ఞానాంబకు మాత్రం తలవంపులు. "ఇంట్లో నేను గడ్డి పెడతాండానా? ఊరోళ్ళ క్యారేజీల మీద పడతావు!"

"నీ కూడు తింటే నీ సంగతే తెలుస్తాది. వాళ్ళ సంగతి ఎట్ట తెలుస్తాదే?"

ఎనభై రెండులో సుందరరాజు లాండ్రీ బేరానికొచ్చింది. ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు దొరికితే నిలుస్తుంది, లేదంటే పదకొండు మందికి పని పోతుంది. తాత వెళ్ళి, అలవాటుగా అక్కడ బట్టలుతికే మునెమ్మ క్యారేజీ అందుకున్నాడు. ఆమె "వద్దు పెద్దాయనా!" అనేలోపే మూత తీసేశాడు.

లోపల ఏమీ లేదు. రెండు నెలలుగా జీతాల్లేవు. నలుగురిలో చిన్నతనమని ఆమె రోజూ ఖాళీ క్యారేజీ మోసుకొచ్చి, బట్టలుడికే బాన వెనక్కు పోయి తిన్నట్టు నటించేది. ఈ సంగతి మునెమ్మే మాకు చాలా ఏళ్ళకు చెప్పింది, అవ్వ వినకుండా.

అందరూ చూస్తున్నారు. తాత క్యారేజీలో చెయ్యి పెట్టి, కలిపి, ముద్ద చేసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు కూడా.

"పప్పు అమృతం మునెమ్మా!" అని మూత బిగించాడు. "బేరం ఖాయం రాజూ. రేపట్నుంచి అందరికీ మా ఇంటి కూడే. ఇట్టాంటి పప్పు రోజూ తెస్తే నేను ఈడనే కూసుంటా, నా పనులు పాడైతాయి."

సోమవారం ఆసుపత్రి ఆఫీసరు జయరావు నూరు దుప్పట్లు ఉతికించి చూడాలని వచ్చాడు. అప్పటికి అందరూ విస్తళ్ళ ముందున్నారు.

"ఇప్పుడే మొదలుపెట్టకపోతే టెండరు పోతుందయ్యా!"

"పోనీ సార్. తిన్నాకనే" అన్నాడు తాత.

వడ్డిస్తున్న అవ్వ ఇంకో విస్తరి పరిచింది. "నువ్వూ కూసో నాయనా. మొగం సూస్తే పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు."

ఆఫీసరు కూర్చున్నాడు. సాయంత్రం ఆరేసిన దుప్పట్ల తెలుపు చూసి, కళ్ళు చికిలించుకుంటూ సంతకం పెట్టాడు.

తిరిగి వస్తూ జట్కాలో అవ్వ అడిగింది. "నిజం చెప్పు. ఈ మునెమ్మ పప్పు అంత బాగుండిందా?"

మునెమ్మ కూడా అదే జట్కాలో, కడిగిన గుండిగ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తాత ఆమెవైపు చూడలేదు.

"నీ చేతిలో ఆ రుచి ఎన్నడూ రాలేదు" అన్నాడు.

మూడు రోజులు తాతకు ఒట్టి చారే. ఎవరైనా అడిగితే, "వొంటికి మంచిదప్పా" అనేవాడు.