డబ్బా మోత, గుప్పెడు గుడాలు

జగిత్యాల బయట కొత్తగా పెట్టిన గుర్రాల శాలలో అడుగుపెట్టగానే తడి గడ్డీ గుర్రపు చెమటా కలిసిన వాసన ముక్కుకు తగిలింది, ఇక నాకు కాలు ఒక్కచోట నిలవలేదు. నా బిడ్డ స్వారీ నేర్చుకుంటానంటే చూద్దామని వెళ్ళాం. గుర్రానికో గది, కాళ్ళ కింద రబ్బరు పరుపు, నెత్తిమీద ఫ్యాను, వేడినీళ్ళ స్నానం, యజమాని దుబాయిలో ఉన్నా ఫోనులో చూసుకునే కెమెరా, అన్నీ చూపించాడు మేనేజరు. "ఈడ సప్పుడే ఉండది మేడం. గుర్రాలు బెదరకుంట డోర్ గూడ మెల్లగ ఏస్తం," అన్నాడు గర్వంగా. నాకు నవ్వొచ్చింది. మా కొట్టంలో చప్పుడే పెద్ద వసతి మరి!

కోరుట్లలో, కథలాపూర్ పోయే తొవ్వ పక్కన మా బాపు గుర్రాల కొట్టం నడిపేవాడు. పెళ్ళిళ్ళ కాలం అయిపోగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఊరేగింపు గుర్రాలను తెచ్చి మా దగ్గర వదిలేవారు. గూనపెంకుల కప్పు, వాగు ఇసుక పరిచిన నేల, మూలన నీళ్ళ గోలెం, ఎండాకాలం తడికెలకు కట్టిన తడి గోనెసంచులు, వానాకాలం సాయంత్రాలు దోమలకు వేసిన వేపాకు పొగ, దసరాకు మాకు గారెలైతే వాటికి తలా ఒక బెల్లం ముక్క, ఇవీ మా సౌకర్యాలు.

ఊరేగింపులో డప్పులకు గుర్రం బెదిరితే పెళ్ళికొడుకు నేల మీదుంటాడు. అందుకని మేత పెట్టేముందు నూనె డబ్బా వాయించేవాళ్ళం. ముందు మోత, ఆ వెంటనే ఉడకబెట్టిన ఉలవలు, అవే మా గుడాలు. కొన్నాళ్ళకు మోత వింటే గుర్రానికి భయం పోయి ఆకలి పుట్టేది. డబ్బా మెడకు తగిలించుకుని వాయించేది నేనే. "చెవులు పలుగుతున్నయే, జర మెల్లగ కొట్టు!" అని అవ్వ, అదే మా అమ్మ, వంటింట్లోంచి మొత్తుకునేది.

బాపు దోస్తు రుద్రంగి కాక గల్ఫ్ పోతూ తన తెల్ల గుర్రం చాందినిని మాకు అప్పగించాడు. "నేను మల్ల అచ్చేదాక ఇది నీదే అనుకో బిడ్డా," అన్నాడు నాతో. క్షణం కుదురుండేది కాదది. ఇసుక గీరేది, పగ్గం గుంజేది, తొవ్వలో హారన్ మోగితే గిర్రున తిరిగేది. మిగతావన్నీ తొట్టిలో తింటే, ఇది మాత్రం నేను ఒక చేత్తో డబ్బా వాయిస్తూ రెండో చేత్తో గుడాలు పెడితేనే తినేది. కాక అన్నమాట నేను నిజమే అనుకున్నాను. ఇంటి ముందు జీపు ఆగితే చాలు గుండె గుబేలుమనేది, వచ్చాడేమోనని. బడిలో కూర్చున్నా పానమంతా కొట్టంలోనే.

కాక రానే వచ్చాడు, ఒళ్ళంతా సెంటు వాసనతో, నాకో చాక్లెట్ల డబ్బాతో. సిరిసిల్లలో తమ్ముడి పెళ్ళట, ఈ గుర్రమే కావాలట. ఏడ్చాను, అన్నం ముట్టనన్నాను. "ఊకో బిడ్డా, మనది గాని మంది గుర్రం మీద గంత పానం పెట్టుకుంటే ఎట్ల?" అన్నాడు బాపు. ఆ పూట ఆయనా సరిగా తినలేదు.

పెళ్ళికి మేమూ వెళ్ళాం. బట్ట నేసే సాంచెల చప్పుడు వినపడే ఆ సందులో పెళ్ళికొడుకును చాందిని మీద ఎక్కించారు. నేను మందిలో ఎక్కడో అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను. డప్పులు మోగాయో లేదో, చాందిని చెవులు నిక్కబొడిచి, కళ్ళెం గుంజుకుని, అందరినీ తోసుకుంటూ సీదా నా దగ్గరికి వచ్చేసింది. "ఓ అన్నా, పట్టుర్రి దీన్ని!" అని పెళ్ళికొడుకు దాని మెడ వాటేసుకుని ఒర్లుతుంటే అంతా పగలబడి నవ్వారు. చాందిని నా అరచేతిలో మూతి పెట్టి వెతికింది. పట్టు లంగా కట్టుకుని పెళ్ళికి వచ్చినదాని చేతిలో ఏముంటుంది? రెండో చేతిని కూడా మూతితో తోసి చూసింది. కాక వచ్చి తిప్పుకుపోయాడు. నాకు దుఃఖం ఆగలేదు. మళ్ళీ దాన్ని చూడలేదు.

ఇప్పుడు కొట్టం జాగాలో బైకుల షోరూం ఉంది. డప్పుల చోట డీజేలు వచ్చాయి, పెళ్ళికొడుకులు కార్లెక్కారు, బాపు లేడు. "ఎప్పుడు జాయిన్ చేస్తరు మేడం?" అని మేనేజరు అడుగుతూనే ఉన్నాడు. నా వేళ్ళు ఊరుకోలేదు, గది తలుపు మీద టకటకా వాయించాయి. లోపలున్న తెల్ల గుర్రం బెదిరి గోడకు అంటుకుపోయింది.

"అమ్మా, ఏం చేస్తున్నవే?" అంది నా బిడ్డ.

నా రెండో చెయ్యి అప్పటికే గుర్రం వైపు చాపి ఉంది, ఖాళీగా.