దండెం మీద కవర్లు

మా ముత్తియాల్‌పేట అత్త పోయిందని శుక్రవారం పొద్దున ఆవిడ తమ్ముడి కొడుకు సైకిలు మీద వచ్చి చెప్పాడు. "నిద్దర్లోనే పోయిందక్కా. మధ్యాన్నం ఎత్తేది" అన్నాడు. ఇచ్చిన మంచినీళ్లు తాగి, మిగతావాళ్లకు చెప్పాలని వెళ్లిపోయాడు. నేను స్టవ్ కట్టేసి పీట మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందు ముక్కులోకి కుడితి వాసన వచ్చింది. పులిసిన గంజి, నానిన తవుడు, కుళ్లబోతున్న గుమ్మడి తొక్కలు, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు మేం ఉంటున్న ఉప్పళంలో మా ఇంటి చుట్టుపక్కల ఎక్కడా ఆవు లేదు, ఇక కుడితి ఎక్కడిది? అయినా కొంగుతో ముక్కు మూసుకున్నాను. మనిషి పోయిన కబురు విని ముక్కు మూసుకోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆవిడ గురించి నిజం రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆవిడ దగ్గర ఉన్న అన్నేళ్లూ నాకు ఏదో ఒకటి రోతగానే ఉండేది.

ఆవిడ నాకు చుట్టం కాదు, ఇల్లుగలావిడ. డెబ్బైల మొదట్లో మా ఆయనకు ఇక్కడి ఆఫీసుకు బదిలీ అయితే యానాం నుంచి, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఈ అరవ ఊరికి కొత్త కాపురానికి వచ్చాను. ముత్తియాల్‌పేటలో ఆవిడ ఇంటి వెనక వాటా అద్దెకు దొరికింది. వాళ్లది తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆవిడకు తెలుగు అక్షరం రాదు, ఇంట్లో మాట మాత్రం తెలుగే, సగం అరవం కలిసిన తెలుగు. భర్త లేడు, పిల్లలు లేరు, ఒక ఆవు ఉంది. నేను మా వైపు అలవాటుగా "పిన్నిగారూ" అని పిలిస్తే మొహం చిట్లించింది. "గారూ ఏంది గారూ, కోర్టులో పిలిచినట్టు. అత్తా అను" అంది.

మా వంటింటి గుమ్మానికీ ఆవిడ కొట్టానికీ మధ్య బావి, బావి పక్కన కుడితి తొట్టి. దిగిన మర్నాడే చూశాను. తొట్టిలో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. కలుపుతూ కలుపుతూ ఆగి, అడుగు నుంచి ఒక స్పూను తీసి నా వైపు చాపింది. "మీదేనా పాపా ఇది?" మాదే. గిన్నె కడిగిన నీళ్లతో పాటు జారిపోయినట్టుంది. దాని మీద తవుడూ మెతుకులూ జారుతున్నాయి. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. ఆవిడ నా మొహం చూసి నవ్వలేదు. "చెయ్యి కడుక్కుంటే పొయ్యేదానికి ఇంత మొగం పెడితే ఎట్ట? రేపు బిడ్డని కనాల గదా నువ్వు" అంది. ఆ స్పూను నేను మళ్లీ వాడలేదు. ఆవిడ దాన్ని చింతపండు గీరుకోవడానికి ఉంచుకుంది.

ఈ కాలం పిల్లలకు కుడితి అంటే తెలియకపోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఇవన్నీ పారెయ్యకుండా ఒక కుండలో పోసి ఉంచితే అది ఆవుకు తాగుడు. ఆ వీధిలో ప్రతి ఇంటి పక్క గుమ్మం దగ్గరా ఒక మట్టికుండ ఉండేది. సాయంత్రం అత్త రెండు బకెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుండలు ఒంపుకొచ్చేది. దానికి బదులు వాకిట కల్లాపికి పేడ ఇచ్చేది. ఆవు ఈనితే కుడితి పోసిన ప్రతి ఇంటికీ జున్ను వెళ్లేది. ఎవరు ఎవరికి ఇస్తున్నారో ఎవరూ లెక్క చూసుకునేవారు కాదు. ఆ వీధిలో చెత్త అంటూ వేరే ఏమీ ఉండేది కాదు.

పెళ్లిళ్ల సీజన్లో ఇంకో ఘోరం. కల్యాణ మంటపం వెనక నిలబడి, తిన్న విస్తరాకులు గోనెసంచిలో తెచ్చేది. ఊరందరి ఎంగిలి. నమిలిన మునక్కాడలు, ఊరగాయ టెంకలు, వాటి మీద ఈగలు. అవి మా గుమ్మం ముందు నుంచే వెళ్లాలి. నేను తలుపు మూసేసుకునేదాన్ని. ఒకసారి తలుపు బయటి నుంచి అంది: "ఎంగిలి నీకు, నాకు పాపా. దానికి యాడిది ఎంగిలి?"

పోనీ శుభ్రమైన మనిషా అంటే అదీ కాదు. రోజంతా వక్కాకు నమిలేది. ఎదుటి సైడు కాలవలో ఎర్రగా ఉమ్మేది. గిన్నెలు బూడిదతో తోమి, ఆ బూడిద నీళ్లు అరటి మొదట్లో పోసేది. అదే అరటి మొదట్లో మేం చేతులు కడుక్కోకపోతే తిట్టేది. నూనెకు ఇత్తడి చెంబు, చేపలకు తాటాకు బుట్ట, సరుకులకు పాత చీర చింపి కుట్టిన సంచి. ఈ సంచులు నాకూ కుట్టి ఇచ్చింది. వాటికి కొట్టం వాసన. ఉతికితే పోతుందేమోనని చూశాను, పోలేదు. వాటితోనే చాలా ఏళ్లు బజారుకు వెళ్లాను.

తర్వాత మా అమ్మాయి పుట్టింది. నాకు పాలు చాలలేదు. డబ్బాపాలు పడలేదు, పిల్ల కక్కేది. అత్త ఏమీ అడగకుండా పొద్దునా సాయంత్రం చెంబుతో ఆవుపాలు తెచ్చి, నీళ్లు కలిపి, మరగబెట్టి, తనే ఉగ్గు గిన్నెతో పట్టేది. నా కూతురు ఆ వీధి కుడితితో పెరిగిన పిల్ల. పెరిగాక, వాసనలని నేను పెట్టే పేచీలు చూసి నవ్వేది.

ఎనభైల్లో కవర్లు వచ్చాయి. బట్టల కొట్టువాళ్లు ఇచ్చే పచ్చ కవరు, స్వీటు కొట్టు గులాబీ కవరు, మందుల షాపు నీలం కవరు. మొదట్లో వాటిని మడిచి పరుపు కింద దాచుకునేవాళ్లం, అంత మోజు. ఏడాది తిరక్కుండానే అవి ఇంటి నిండా అయ్యాయి. మా ఎదురింటివాళ్లది ఫ్రెంచి పెన్షన్ ఇల్లు. ఆయన ఏనాడో ఫ్రెంచి సైన్యంలో చేసి రిటైరైన తమిళుడు. ఆయన భార్య మహా శుభ్రం మనిషి, నాకంటే ఎక్కువ. కుడితి కుండ దగ్గర దోమలు ముసురుతున్నాయని, ఆవిడ తొక్కలన్నీ ఒక కవరులో వేసి నోరు బిగించి ముడివేసి అత్త తొట్టిలో పడెయ్యడం మొదలుపెట్టింది. చేతికి తడి అంటదు, వాసన రాదు. చూస్తూ చూస్తూ వీధి వీధంతా అదే పద్ధతి పట్టుకుంది. అప్పటికి అత్తకు మోకాళ్లు పట్టేశాయి, ఇల్లిల్లూ తిరగలేక తొట్టిని పక్క సందులోకి మార్పించింది. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వచ్చి ముడివేసిన కవరు అందులో విసిరి, చేతులు దులుపుకుని పోయేవాళ్లు.

నాకు నచ్చింది ఆ పద్ధతి. అందులో మా కవర్లు లేవని చెప్పుకోవడంలో నా గొప్పేం లేదు. తొట్టి మా గోడ పక్కనే కాబట్టి గిన్నెతో దూరం నుంచి ఒంపేదాన్ని, అంతే.

అత్త మాత్రం గొడవపడింది. ఎదురింటికి వెళ్లి అరవంలో చెప్పింది, ముడి విప్పి పొయ్యమని. "చేతికంతా అంటుకుంటుందమ్మా" అని ఆవిడ సమాధానం. అత్త తిరిగొచ్చి నాతో అంది: "వాళ్లింట్లో తిన్నదే గదా, వాళ్లకే రోత అయిపోయె. ఆవుకి చేతులుండాయా ముడి విప్పేదానికి?" ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి తొట్టిలో చెయ్యి పెట్టి వెతికేది. కానీ ఆవు ఆవిడకంటే ముందే లేచి తొట్టిలో మూతి పెట్టేది.

ఒక వానాకాలం ఆవు నెమరు ఆపేసింది. పొట్ట ఒక పక్క బిగిసిపోయింది. గడ్డి ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. పశువుల డాక్టరు వచ్చి నూనె తాగించాడు, సూది వేశాడు, చూద్దామన్నాడు. అత్త రాత్రింబవళ్లు దాని పొట్ట రాస్తూ కూర్చుంది. అది చచ్చిపోయింది. ఎందుకు పోయిందో చూడాల్సిందేనని అత్త పట్టుపడితే డాక్టరు కోయించాడు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. లోపల నుంచి ఒక పెద్ద ముద్ద తీశారు, చిక్కుపడ్డ జడలాగా మెలికలు తిరిగి, నల్లగా, జారుతూ. ఆ వాసన గురించి రాయను. కాంపౌండరు దాన్ని కుప్పలో వేయబోతే అత్త ఆపింది. "అది ఈడికి ఇయ్యి. మాదే అది" అని కుడితి బకెట్లోనే వేయించుకుని ఇంటికి తెచ్చింది.

బావి గట్టున కూర్చుని ఆ ముద్ద విప్పింది. గోళ్లతో ఒక్కొక్క కవరూ విడదీసి, బూడిదేసి తోమి, కుంకుడు రసంలో నానబెట్టి, మళ్లీ తోమింది. ఆ పూట మా ఇంట్లో ఎవరం అన్నం తినలేకపోయాం. మా ఆయన ఆవిడకు మతి చెడిందేమో అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు వీధి వసారా స్తంభం నుంచి కరెంటు స్తంభానికి తాడు కట్టి, వాటన్నిటినీ దండెం మీద ఆరేసింది. సముద్రం గాలికి అవి ఉబ్బి ఊగుతున్నాయి. పచ్చవి, గులాబీవి, నీలంవి. నలిగాయి గానీ ఒక్కటీ చిరగలేదు, రంగు కూడా పెద్దగా పోలేదు. ఆవు ఎముకలు మట్టిలో కలిసినా ఇవి కలవవని నాకు అప్పుడు తెలిసింది. వీధి జనం వాకిళ్లలో ముగ్గు వేస్తూ చూశారు, వేయడం ఆపి చూశారు. ఆ వరసలో ఎదురింటివాళ్ల కూతురి పెళ్లి తాంబూలం కవరు ఉంది. దాని మీద పెళ్లికూతురు పేరు, పెళ్లికొడుకు పేరు ఎర్ర అక్షరాలతో ఇంకా అలాగే ఉన్నాయి.

ఆరాక మడతపెట్టి, ఎవరివి వాళ్లకు ఇచ్చి వచ్చింది. ఎదురింటావిడ తలుపు దగ్గరే "ఇది మాది కాదు" అంది. అత్త గొంతు పెంచలేదు. "పేరుండాదే. కడిగినాను, సుత్తంగా ఉండాది. సంతకి తీసుకోని పో" అంది. ఆవిడ రెండు వేళ్ల కొసలతో అందుకుంది. పెదవి ఒక మూలకి లాక్కుపోయింది, మెడ వెనక్కి పోయింది. ఆ మొహం నాకు బాగా తెలుసు, స్పూను ఇచ్చిన రోజున నేను పెట్టిన మొహమే. అత్తను చూస్తే రోతగా ఉండేది నాకు. ఆ రోజు మొదటిసారి ఆ మొహాన్ని చూస్తే రోత పుట్టింది. పొద్దున్నే కడిగి ముగ్గులు పెట్టుకునే ఆ వాకిళ్లన్నిటి మీదా పుట్టింది. నా మీద కూడా.

ఎవరైనా వచ్చి తప్పయిందని అంటారనుకున్నాను. ఎవరూ రాలేదు. మర్నాటి నుంచి కవర్లు సైడు కాలవలో పడ్డాయి, అంతే తేడా. కాలవ నిండి, వాన వస్తే ఆ నీళ్లు వాళ్ల గుమ్మాలే ఎక్కేవి. తిట్టుకుంటూ ఊడ్చుకునేవాళ్లు గానీ, వెయ్యడం మానలేదు.

అత్త మోకాళ్లు పట్టుకుంటూ మళ్లీ బకెట్లతో బయల్దేరింది. కొట్టం ఖాళీ, అయినా ఇల్లిల్లూ తిరిగి కుడితి అడిగేది. జనం నవ్వారు. ఒకావిడ అడిగింది, ఆవు పోయింది గదా, కుడితి ఎందుకని. "ఆవు లేకపోతే బియ్యం కడిగేది మానుకుంటిరా?" అంది అత్త. తెచ్చినదంతా కొట్టం వెనక గుంటలో పోసి మట్టి కప్పేది. నాతో మాత్రం అసలు సంగతి చెప్పింది: "అలవాటు తప్పిపోతే మళ్లీ రాదు పాపా. నేను ఇంకో దూడని తెచ్చేదాకా కుండలు గుమ్మాల్లో ఉండాల." అలా ఎన్నో నెలలు తిరిగింది. కొన్ని గుమ్మాల్లో కుండలు మళ్లీ కనబడ్డాయి, ఎక్కువ గుమ్మాల్లో లేవు. ఎదురింట్లో అసలే లేదు. ఆ తర్వాత ముదలియార్‌పేటలో తెలిసినవాళ్ల దగ్గర నుంచి ఒక పెయ్యదూడను తోలుకొచ్చింది. వచ్చిన కుడితి చాలక గడ్డి కొని పెంచింది. అది ఈనితే జున్ను పంచింది, కుండ లేని ఇళ్లకు కూడా. ఎదురింటికి తనే పట్టుకెళ్లింది.

మేం ఉప్పళం మారిపోయాం. ఇక్కడ పెరట్లో కరివేప మొక్క పక్కన నేనూ ఒక గుంట తవ్వించాను. తొక్కలూ గంజీ అందులో పోస్తాను. ముక్కు మూసుకునే పోస్తాను. పోస్తాను మాత్రం.

కర్మాంతరం నాడు ముత్తియాల్‌పేట వెళ్లాను. ఆ తమ్ముడి కొడుకు ఖర్చుకు వెనకాడలేదు. అరిటాకుల్లో భోజనాలు, పక్కన పలచటి ప్లాస్టిక్ గ్లాసులు, పాయసానికి ప్లాస్టిక్ కప్పులు. పంక్తి లేవగానే వడ్డించే కుర్రాళ్లు ఆకుల్లోనే గ్లాసులూ కప్పులూ పెట్టి చుట్టేసి, పెరట్లో ఆవు ముందు కుప్ప పోశారు. ఆవు తాడు లాగి మూతి చాపింది. ఇదేమిటని అడిగితే తమ్ముడి కొడుకు, "దానికి తెలుసక్కా, అదే ఏరుకోని తింటాది" అన్నాడు. ఆవిడ పేరున పెట్టిన భోజనం. ఆవిడ ఆవు.

నాకు ఒళ్లు మండింది. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాను. మొదటి ఆకు విప్పగానే ఎవరిదో మజ్జిగ మణికట్టు మీదుగా కారింది. నమిలి ఉమ్మిన మునక్కాడ వేళ్లకు అంటుకుంది. వాంతి గొంతు దాకా వచ్చింది. మింగాను. గ్లాసు తీసి పక్కన పెట్టి, ఆకు ఆవు ముందుకు తోశాను. ఇంకో ఆకు. చూసేవాళ్లు చూస్తున్నారు. నాకు ఎప్పటికీ అలవాటు కాదని కూడా అప్పుడే తెలిసింది.

ఎదురింటావిడ భోజనం చేసి పెరటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటోంది. బాగా ముసలిదైపోయింది. నన్నూ కుప్పనూ మార్చి మార్చి చూసింది. తర్వాత బంగారు గాజులు మోచేతి పైకి తోసుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా నా ఎదురుగా కూర్చుంది. "రోతగా ఉందమ్మా" అంది అరవంలో. "నాకూ అలాగే ఉంది" అన్నాను. ఇద్దరం లేవలేదు. ఆవిడ ఒక ఆకు విప్పింది, కప్పు తీసింది, ఆకును రెండో వైపు కూడా తిప్పి చూసింది, ఆవుకి చాపింది. ఆవు నాలుక ఆకుతో పాటు ఆవిడ వేళ్లను కూడా చుట్టుకుంది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.