నా కోడలి హెవీ లైసెన్సు

ఇన్నేండ్లు ఛాతీ మీద బండ పెట్టుకున్నట్టే పండుకున్న. కొడుక్కు చెప్పలే. దేవునికి గూడ చెప్పలే. నీకు చెప్తున్న, ఇను.

మా కోడలు రేణుకకు బండి అంటే పాణం. కిష్టారెడ్డిపేటల ఒకాయన బస్సునే ఇల్లు లెక్క చేయించిండు. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది. యాత్రలకు కిరాయికిస్తడు. హెవీ లైసెన్సు తెస్తే నడిపే పని నీదే అన్నడు రేణుకతోని. కారు లైసెన్సు దానికి చాలదు. అది చేతికొచ్చి యేడాది నిండినంకనే హెవీ నేర్చుకోనిస్తరు, మళ్ళ పరీక్ష పెడ్తరు. యేడాది ఆగింది. గడ్డపోతారం మందుల కంపెనీల డ్యూటీ చేసుకుంటనే నేర్చుకున్నది.

కంపెనీలకు ఫోన్ తీస్కపోనియ్యరు. ఇంట్ల పెట్టి పోతది. ఒకనాడు డ్రైవింగ్ స్కూల్ సారు ఫోన్ చేస్తే నేనెత్తిన.

"పెద్దమ్మా, రేపు పొద్దుగాల పరీక్ష. బస్సు గూడ మాట్లాడిన. రేపు తప్పితే లర్నింగు లైసెన్సు గడువు దాటిపోతది, జెర చెప్పు. నీ కోడలు రివర్సు కొడితే గోడ సున్నం గూడ అంటదు, తెల్సా!"

"చెప్త సారు," అన్న.

చెప్పలే. రేణుక వచ్చి సారు ఫోన్ చేసిండా అని అడిగితే, "ఆడోళ్లకు బస్సు ఇయ్యడంట, ఇగ రావద్దన్నడు" అన్న.

ఎందుకన్న? ఫీజు దండుగ అనా? కాదు. అబద్ధం మీద ఇంకో అబద్ధం ఎందుకు. నా కొడుకుది ఆటో. పెండ్లాం లైసెన్సు మొగనిదానికంటె పెద్దదైతే గల్లీల నవ్వుతరని. గంతే. గంత చిన్న బుద్ధి నాది. రేణుక రోషం గల్లది, మళ్ళ ఆ సారు గడప తొక్కలే, ఆయన ఫోనొచ్చినా ఎత్తలే. పని ఇంకొకలకు పోయింది. ఆమె మందుల వాసన మోసుకుంట ఇంటికొస్తుంటే, అన్నం పెట్టుకుంట ఆ వాసన ఎన్నేండ్లు పీల్చిన్నో నేను.

ఈ యేడు ఆమె పట్టుబట్టి సంగారెడ్డిల మళ్ళ మొదటికెళ్లి నేర్చుకొని హెవీ తెచ్చుకున్నది. అదే బస్సు ఓనరు పిలిచి పనిచ్చిండు. తొల్తగ నన్నే ఎక్కించుకున్నది. పటాన్‌చెరు కాడ లారీల నడుమ, గా ఇల్లంత బండి ఆమె చేతుల చంటిపిల్ల లెక్క మెత్తగ మర్లింది. బల్ల మీది గిలాసల నీళ్లు తొణకలే. నోరు తెరుసుకొని చూసిన. ఇంత బలం ఇన్నేండ్లు నా వంటింట్ల రొట్టెలు చేసిందా? మొక్కబుద్ధయింది నాకు.

అద్దంల నన్ను చూసి నవ్వింది. "అత్తమ్మా, ఆడోళ్లకు బస్సియ్యనన్న గా సారు గిప్పుడు చూడాలె నన్ను."

నిజం నాలుక మీద దాకా వచ్చింది. బల్ల మీది గిలాస అందుకొని నీళ్లు తాగిన.

ఇగో, నీకన్న చెప్పిన. ఆ సారు గా మాట ఎన్నడు అనలే. అన్నది నేను.