నీళ్ళ వైపు చోటు

మనిషన్నాక ఎవరైనా తరుముతుంటే పరిగెత్తాలి, లేదా తానే ఎవరినైనా తరమాలి. ఊరికే పరిగెత్తడం ఏమిటో ఈ వయసొచ్చినా నాకు అర్థం కాలేదు. ఆ మాటే మా తమ్ముడితో అంటే, ఒక్కసారి మాతో వచ్చి చూడక్కా, నీకే తెలుస్తుంది అని నవ్వేవాడు. నా మోకాళ్ళకు తెలిసింది చాల్లే అనేదాన్ని.

తమ్ముడిది బూట్లూ చెప్పులూ బాగుచేసే దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు, వీధి దాటితే సముద్రం. ఏ మూలకు వెళ్ళినా తోలు వాసన, బంక వాసన. వాడు అడుగున సోళ్ళు వేస్తే మా మరదలు పైతోళ్ళు కుట్టేది. పెళ్ళయిన కొత్తలో ఆమెకు పరుగు అలవాటు చేసింది వాడే. దుకాణం తీయకముందే ఇద్దరూ తడి ఇసుక మీద రాళ్ళకట్ట దాకా పరిగెత్తి వచ్చేవారు. వాడెప్పుడూ నీళ్ళ వైపు, ఆమె ఒడ్డు వైపు. తగువులు కూడా ఆ దారిలోనే పెట్టుకునేవారట, ఊపిరి చాలక సగంలోనే తేలిపోయేవట. తిరిగొచ్చేటప్పటికి ఇద్దరి ముఖాలూ వెలిగిపోతుండేవి. ఆ వెలుగు చూసి నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది.

ఊరందరి బూట్లూ బాగుచేసినవాడు తన బూట్ల సంగతి పట్టించుకోలేదు. ఎడమ బూటు సోలు ముందు భాగం ఊడిపోయి, అడుగేసినప్పుడల్లా ఠప్పుమని కొట్టుకునేది. మరదలు ఎన్నిసార్లు పోరినా రేపు చూద్దాంలే అనేవాడు. ఆ రేపు రానేలేదు. ఎవరిదో బూటు ఒళ్ళో పెట్టుకుని పని చేస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేను చంకనెత్తుకుని పెంచిన పిల్లాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, అది ఎవరి మీదో మాత్రం తెలియదు.

నాలుగు రోజులు వంట చూసుకుందామని వచ్చి నేను అక్కడే ఉండిపోయాను. నేనూ, మరదలూ, దాని కూతురూ. ఆ పిల్లను అందరం పొట్టిది అంటాం. ఇప్పుడు వాళ్ళమ్మను మించి ఎదిగినా పేరు మాత్రం ఎదగలేదు. బడి నుంచి రాగానే తండ్రి బల్ల దగ్గర కూర్చుంటుంది. దాని చేతిలో పని ఉంది.

మరదలు చాలాకాలం గడప దాటలేదు. ఉన్నట్టుండి ఒకరోజు పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా పరుగుకు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. తిరిగొచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగి, తనలో తానే నవ్వుకునేది. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకు నవ్వుతోందో కొన్నాళ్ళకు భోజనాల దగ్గర చెప్పింది.

"ఆయన వెనకాలే వస్తున్నారు, వదినా. ఆ ఎడమ బూటు చప్పుడు నాకు తెలీదా? ఎప్పట్లాగే నీళ్ళ వైపు నుంచి. వెనక్కి మాత్రం చూడను. చూస్తే ఆగిపోతారేమో."

నేను దయ్యాల్ని నమ్మను. బతికున్నవాళ్ళతో వేగడానికే తీరిక చాలడం లేదు. చెవుల్లో నిలిచిపోయిన చప్పుడే అనుకున్నాను గానీ, ఆ నవ్వును చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. పొట్టిది మాత్రం ఆ పూట ముద్ద ఎత్తలేదు. నేను గమనించనిది అది గమనించింది. వాళ్ళమ్మ మొదట్లో పాదాలు తడుపుకుని వచ్చేది, ఇప్పుడు మోకాళ్ళ పైదాకా తడిసి వస్తోంది. ఆ చప్పుడుకు దగ్గరవుదామని రోజురోజుకీ నీళ్ళలోకి జరుగుతోంది.

మర్నాటి నుంచి పొట్టిది తల్లి వెనక వెళ్ళడం మొదలుపెట్టింది. దాని బూట్లు చినిగిపోయి ఉన్నాయి, బూట్లు కుట్టే ఇంట్లో సొంత కాళ్ళకు దిక్కుండదు మరి. గుమ్మం పక్కనున్న తండ్రి బూట్లలో గుడ్డపీలికలు కుక్కి వేసుకుంది. తల్లికి దూరంగా, మంచులో కనబడకుండా, కావాలనే ఒడ్డు వైపు పరిగెత్తేది. ఠప్పుమనే ఆ చప్పుడు విని తల్లి నీళ్ళు వదిలి ఒడ్డుకు జరిగేది. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పి, అమ్మకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

"చెప్తే ఇంక నవ్వదు. ఊరుకుంటే నీళ్ళలోకి పోతుంది. నేనేం చెయ్యను అత్తా?"

దాని చేతిలో చెయ్యి వేసి ఒట్టు వేశాను.

మరదలి కాళ్ళు తడవడం తగ్గింది. ఈమధ్య ఒడ్డు వైపు వస్తున్నారు వదినా, ఎందుకో మరి, అని తనే ఆశ్చర్యపోయేది. మూలనపడ్డ పైతోళ్ళ పని ముందేసుకుని కూనిరాగాలు తీస్తూ కుట్టేది. పోయినవాడితో కాపురం ఇంత బాగుంటే ఉన్నప్పుడు అంతలా ఎందుకు పోట్లాడావే అని ఎగతాళి చేశాను. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆమె కాళ్ళు తడిశాయేమోనని ఓ కన్ను అటే వేసి ఉంచాను.

ఒకరోజు ఆ ఊడిన సోలు రాయికి తగులుకుని పొట్టిది బోర్లా పడింది, మోచేయి దోక్కుపోయింది. సాయంత్రం ఆ బూటు తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల మీదికొచ్చిన బూటును బాగుచేయకుండా వదలడం ఆ ఇంటి చేతులకు రాదు. పాత బంక గీకేసి, కొత్తది రాసి, మైనం పట్టించిన దారంతో సోలు చుట్టూ కుట్టేసింది. నేను పక్కనే కూర్చుని, తండ్రిని మించావే అని మెచ్చుకున్నాను. ఏం చేస్తున్నామో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు మంచు దట్టంగా పట్టింది. ఆ పొద్దున జరిగింది పొట్టిదే నాకు చెప్పింది. బాగుచేసిన బూటు ఇసుక మీద పిల్లి అడుగులా పడిందట. తల్లి కాస్త దూరం పరిగెత్తి నెమ్మదించింది, తర్వాత ఆగి తల వంచి విన్నది. ముందురోజు సాయంత్రం తాను కుట్టేసింది ఏమిటో ఈ పిల్లకు అప్పుడు తెలిసింది. తల్లి నీళ్ళ వైపు తిరిగి నడవసాగింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. ఇంట్లో ఎక్కడో పెట్టి మరిచిన వస్తువును వెతుక్కుంటున్నట్టు, తొందర లేకుండా పోతూనే ఉంది.

పొట్టిది ఎడమ కాలు నేలకేసి బాదింది. ఎంత బాదినా చప్పుడు రాలేదు. కుట్టు గట్టిది. చివరికి, "అమ్మా, నేనే," అని అరిచింది.

అన్ని రోజుల్లో మొదటిసారి మా మరదలు వెనక్కి తిరిగి చూసింది.

ఇద్దరూ తడిసి ముద్దయి ఇంటికొచ్చారు. పొట్టిది ఏడుస్తూ అంతా చెప్పేసింది. బట్టలైనా మార్చుకోకుండా మరదలు ఆ బూటును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అచ్చం తమ్ముడు ఆఖరున కూర్చున్నట్టు. కుట్టు మీద వేలితో చుట్టూ తడిమింది.

"ఊడదీసేస్తానమ్మా, పాతదానిలాగే చేసేస్తాను," అంది పిల్ల.

"బాగైనదాన్ని ఎవరైనా పాడుచేస్తారా?" అంది మరదలు. బూటు తీసి గుమ్మం పక్కన పెట్టింది. "ఒడ్డు వైపు వచ్చింది నువ్వన్నమాట. అనుకుంటూనే ఉన్నాను, ఆయన ఎప్పుడూ ఒడ్డు వైపు రారు కదా అని."

మరి నీళ్ళ వైపు వచ్చిందెవరని నేను అడగలేదు, పొట్టిదీ అడగలేదు. ఆ తర్వాత ఆమె పరుగుకు వెళ్ళలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది, పలకరిస్తే ఊఁ అనేది. వచ్చిన బూట్లు వచ్చినట్టే గుట్టపడ్డాయి. నీళ్ళే నయమా, ఈ గోడ నయమా అని నాలో నేనే కొట్టుకున్నాను.

ఒక తెల్లవారుజామున మాటలు వినబడి లేచాను. మరదలు గుమ్మం దగ్గర గొంతుకూర్చుని, కూతురి కాళ్ళకు తండ్రి బూట్ల లేసులు కడుతోంది.

"ఇవాళ నువ్వు ముందు పరిగెత్తు. నేను వెనకాల వస్తాను," అంటోంది.

"ఎందుకమ్మా?"

"నువ్వు కంటికి కనబడుతుంటే నేనెటూ పోను."

వాళ్ళ వెనకే నేనూ వీధి దాటి వెళ్ళాను. ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళనిదాన్ని, ఆ రోజు ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. మంచు విడుతోంది. పొట్టిది చప్పుడు లేని అడుగులతో, జడ ఎగిరెగిరి పడుతుంటే రివ్వున పోతోంది. ఒళ్ళు వేడెక్కేకొద్దీ దానికి పరుగు రుచి తెలిసినట్టుంది, చేతులు రెండూ బార్లా చాచింది. తల్లి నవ్వింది. నవ్వుతూనే వేగం పెంచింది. అంత తీరం ఖాళీగా పడి ఉన్నా, ఇరుకు సందులో పోతున్నట్టు ఒడ్డు అంచునే పట్టుకుని పరిగెత్తింది. నీళ్ళ వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

నేను దయ్యాల్ని నమ్మను. వాళ్ళు చిన్నవైపోయేదాకా మాత్రం చెవి అటే ఒగ్గి నిలబడ్డాను.

"పరిగెత్తితే పరిగెత్తు గానీ, వాళ్ళను నీళ్ళలోకి పిలవకురా తమ్ముడూ," అన్నాను.